ఓపిక లెక్క – 3వ పాఠం: ఇవాళ్టి నడకకు ఎల్లుండి బిల్లు

పోయిన పాఠంలో మొదలుపెట్టిన పనుల చిట్టా (ఏ రోజు ఏం చేశామో రాసుకునేది) దగ్గర పెట్టుకోండి. అందులో ఇంకో గడి గీద్దాం: బుర్ర వేగం.

క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ (విశ్రాంతి తీసుకున్నా తగ్గని, నెలల తరబడి వదలని నీరసపు జబ్బు) ఉందంటే చాలు, బంధువులంతా ఒకటే మాట: "కాస్త వాకింగ్ చెయ్యి, అదే పోతుంది." షుగరుకో బీపీకో అయితే మంచి సలహానే. ఈ జబ్బులో మాత్రం శ్రమ మోతాదు దాటితే మనిషి కుదేలైపోతాడు, అదీ వెంటనే కాదు. సాధారణంగా 12 నుంచి 48 గంటల తర్వాత మొదలై, రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి ఉంటుంది. 2015లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఇలా శ్రమ తర్వాత కుదేలవడం ఉంటేనే ఈ జబ్బుగా నిర్ధారించాలని చెప్పింది. నడిచిన సాయంత్రం హుషారుగానే ఉంటారు. ఎల్లుండి ఫోన్లో మాట్లాడుతూ మాట వెతుక్కుంటుంటే, నిద్ర చాలలేదనో వయసు మీద పడుతోందనో అనుకుంటారు. నడక మీదికి అనుమానమే పోదు.

వైద్యులూ చాలాకాలం వ్యాయామం పెంచుకుంటూ పొమ్మనే చెప్పారు. బ్రిటన్‌లో వైద్యులకు చికిత్సా మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2007 మార్గదర్శకాల్లో అదే ఉంది. 2011లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చిన, 641 మంది పాల్గొన్న పేస్ ట్రయల్ అనే పరిశోధన దానికి వత్తాసు పలికింది. ఆ ఫలితాలు ఎక్కువగా రోగులు తమకు తాము వేసుకున్న మార్కుల మీద ఆధారపడ్డాయని విమర్శలు చెలరేగాయి. ఆ విమర్శ సబబేనని నా అభిప్రాయం. 2021 అక్టోబరులో నైస్ ఆ సిఫారసును తీసేసింది. చదవడం, మాట్లాడడం, బాధపడడం కూడా శ్రమేనని ఆ కొత్త మార్గదర్శకాలే చెబుతున్నాయి. కాబట్టి రెండు గంటల జూమ్ మీటింగునూ చిట్టాలోకి ఎక్కించండి.

ఇక కొలత. ఈ జబ్బులో జ్ఞాపకం, ఏకాగ్రత రెండూ దెబ్బతింటాయి గానీ, పరీక్షల్లో తరచుగా బయటపడేది నెమ్మదితనం. జవాబు సరిగ్గానే వస్తుంది, ఆలస్యంగా వస్తుంది. అందుకే తప్పులు లెక్కపెడితే సరిపోదు, గడియారం కావాలి.

100 నుంచి ఏడేడు తగ్గిస్తూ పదిసార్లు చెప్పండి: 93, 86, 79... ఎన్ని సెకన్లు పట్టిందో, ఎన్ని తప్పులొచ్చాయో రాయండి. రోజూ ఒకే అంకెతో మొదలుపెడితే కంఠస్థమైపోతుంది. రేపు 101, ఎల్లుండి 98 తీసుకోండి. ఏడు కష్టమైతే మూడు తగ్గించండి, కానీ మధ్యలో మార్చొద్దు. రోజూ ఒకే వేళకు, ఒకే భంగిమలో చెయ్యండి. ఇది చాదస్తం కాదు: ఈ జబ్బున్న చాలామందికి నిలబడితేనే మెదడుకు రక్తప్రసరణ తగ్గి ఆలోచన మందగిస్తుంది. నిన్న కూర్చుని, ఇవాళ నిలబడి చేస్తే ఆ రెండంకెలకూ పోలిక లేదు.

మొదటి కొద్ది రోజుల అంకెలు కొట్టేయండి. అలవాటుపడే కొద్దీ వేగం దానంతటదే పెరుగుతుంది. ఆ తర్వాత ఓ వారం మీ మామూలు అంకె ఏదో తెలుసుకోండి. అది 40 సెకన్లనుకుందాం. సోమవారం బ్యాంకు పని, రెండంతస్తుల మెట్లు. మంగళవారం 42. బుధవారం 65. బుధవారం ఏం చేశామని వెతక్కండి, సోమవారం పేజీ తిప్పండి. ఇలా ఒక్కసారి జరిగితే యాదృచ్ఛికం కావచ్చు. అదే పని తర్వాత మళ్లీ మళ్లీ కనిపిస్తే ఆ పనిని ముక్కలు చెయ్యాలి: బ్యాంకు ఒకరోజు, మెట్లు ఇంకోరోజు.

పరీక్ష కోసమని కావాలని ఎక్కువ నడవొద్దు. ప్రయోగశాలల్లో వరుసగా రెండు రోజులు సైకిలు తొక్కించి చూసినప్పుడు, చాలామంది రోగులు రెండోరోజు ముందుకన్నా తక్కువ శ్రమకే తమ పరిమితికి చేరారు. ఆ పరీక్షే కొందరిని మంచాన పడేస్తుంది. మంచం దిగలేని వాళ్లు ఈ లెక్కలు అసలు చెయ్యక్కర్లేదు. మాట తడబడుతోందా, వెలుతురు భరించలేకపోతున్నారా అన్నది ఇంట్లోవాళ్లు రాస్తే చాలు.

అంకె బాగా పెరిగిన రోజు బండి తోలొద్దు, డబ్బు లావాదేవీలు పెట్టుకోవద్దు. స్నానం కూడా రేపటికి వాయిదా వేస్తే తప్పేం లేదు.

వచ్చే పాఠం గుండె వేగం గురించి. చేతి వాచీలో అది చూసే వీలుంటే, పొద్దున మంచం దిగకముందు కనిపించే అంకెను ఇప్పటినుంచే చిట్టా పక్కన రాస్తూ ఉండండి.