గెటారియాను నడిచి చూడాలంటే

స్పెయిన్ ఉత్తరాన బాస్క్ తీరంలోని గెటారియా ఊరికి పక్క ఊరు సరౌట్స్ నుంచి బస్సుంది. కానీ నా మాట విని సముద్రం పక్క దారిలో నడవండి, నాలుగు కిలోమీటర్లే. అక్కడివాళ్లు ‘ఎలుక’ అని పిలుచుకునే సాన్ ఆంటోన్ కొండ దూరం నుంచే కనిపిస్తుంది.

ముందు సాన్ సాల్వడోర్ చర్చి చూడండి. నేల ఏటవాలుగా ఉంటుంది, మెల్లగా నడవండి. 1397లో గిపుస్కోవా ప్రాంత ప్రతినిధులు సమావేశమైంది ఇక్కడే. తర్వాత చర్చి అడుగు నుంచి వెళ్లే ఇరుకు దారిలో రేవుకు దిగండి.

నావికుడు ఎల్కానో ఈ ఊరివాడే. యాత్ర నాయకుడు మెగెల్లాన్ దారిలోనే చనిపోతే, 1522లో భూమి చుట్టి విక్టోరియా ఓడను స్పెయిన్ చేర్చింది ఈయనే. పేరంతా మెగెల్లాన్‌కే దక్కడం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది.

బట్టల మీద ఇష్టముంటే ఫ్యాషన్ డిజైనర్ బలెన్సియాగా మ్యూజియానికి రెండు గంటలు ఉంచుకోండి. భోజనానికి బొగ్గుల మీద కాల్చిన టర్బాట్ చేప. ఇద్దరికి ఒకటి చెప్పండి.