పాలిచ్చే మేకలు, గొర్రెలు – 6వ పాఠం: పొదుగు టీకాకు ముందు

ఈసారి పొదుగు టీకా, అంటే పొదుగువాపును తగ్గించే టీకా గురించి చెబుతానన్నాను. చెబుతాను. కానీ పోయిన పాఠంలో సర్ఫ్ పరీక్ష (పాలలో బట్టల సర్ఫ్ నీళ్లు కలిపి, జిగురు వస్తుందేమో చూసి పొదుగువాపును పసిగట్టేది) నేర్పాక వచ్చిన ఫోన్లు విన్నాక, ముందు దాన్ని సరిచేయక తప్పదనిపించింది.

"అన్నా, పదకొండు మేకలుంటే పదకొండూ జిగురొచ్చాయి. అన్నిటికీ పొదుగువాపేనా?" అని ఒకరు అడిగారు. ఇంకొకరు అడగను కూడా లేదు. టెన్షన్ పడి మందుల షాపు నుంచి ట్యూబులు తెచ్చి, మంచి చన్నుల్లోకి కూడా ఎక్కించేశారు. మందు కలిసిన ఆ పాలన్నీ పారబోయాల్సి వచ్చింది. పొరపాటు నాదే. ఆవులకు, గేదెలకు చెప్పే కొలతనే మేకకూ చెప్పాను.

జబ్బు లేని మేక పాలలో కూడా తెల్లకణాలు (జబ్బుతో పోరాడే కణాలు) ఆవు పాలలో కంటే ఎక్కువగానే ఉంటాయి. మేక ఎదకొచ్చినప్పుడు పెరుగుతాయి, ఒట్టిపోయే రోజులు దగ్గరపడేకొద్దీ ఇంకా పెరుగుతాయి. సర్ఫ్ నీళ్లు ఆ కణాలను పగలగొట్టి, లోపలి పదార్థాన్ని జిగురుగా మారుస్తాయి. అందుకే కొద్దిపాటి జిగురు కనిపించగానే మేకకు జబ్బని అనుకోకూడదు. గొర్రె పాలలో ఈ గొడవ కాస్త తక్కువ.

మరి ఏం చూడాలి? రెండు చన్నుల మధ్య తేడా చూడాలి. మేకకు పొదుగు రెండు భాగాలు, ఒకదాని పాలు ఇంకోదానిలోకి పోవు. కాబట్టి కుడి చన్నుకు ఎడమ చన్నే కొలత. ప్రతి చన్ను నుంచీ మొదటి రెండు ధారలు నల్లగుడ్డ మీద పిండి, తరకలు ఉన్నాయేమో చూసి వదిలేయండి. తర్వాత రెండు తెల్ల సాసర్లలో చెరో 5 మిల్లీలీటర్ల పాలు, అంతే సర్ఫ్ నీళ్లు. అరలీటరు నీళ్లకు 15 గ్రాముల పొడి. నేను చెంచాలు వాడను, సూది తీసేసిన సిరంజితోనే కొలుస్తాను. సాసర్లను రెండు చేతులతో పట్టుకుని మెల్లగా గుండ్రంగా తిప్పండి. రెండింటిలోనూ పాలు ఒకేలా కొంచెం మందంగా కదిలితే ఆ మేకను వదిలేయండి. ఒకదానిలో పాలు జారిపోతూ, ఇంకోదానిలో గుడ్డు తెల్లసొనలా మధ్యకు చేరి ముద్దగా లేస్తే, ఆ చన్ను మీద అనుమానం పెట్టుకోండి. మర్నాడు మళ్లీ చూడండి. రెండోసారీ అదే చన్ను అయితే డాక్టరుగారి దగ్గర శుభ్రమైన సీసా తీసుకుని, చన్ను మొనను స్పిరిట్‌తో తుడిచి, ఐస్ పెట్టెలో నమూనా పంపించండి. ఏ క్రిమో తెలియకుండా ట్యూబు ఎక్కించొద్దు.

ఇక టీకా. స్పెయిన్‌లో గొర్రె పాలు పెద్ద వ్యాపారం. మాంచెగో చీజ్ పూర్తిగా మాంచెగా జాతి గొర్రెల పాలతోనే చేస్తారు. పొదుగు దెబ్బతింటే అక్కడి రైతుకు ఏడాది ఆదాయం పోయినట్టే. అందుకే స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే క్రిమి మీద గొర్రెలకు, మేకలకు టీకా అక్కడ తయారైంది. అందులో ఉండేది చంపిన క్రిమే. మోతాదు 2 మిల్లీలీటర్లు, మెడ కండలోకి. ఈనడానికి 5 వారాల ముందు ఒకటి, ఆ తర్వాత 3 వారాలకు రెండోది. మన పశువుల ఆసుపత్రిలో వేసే చిటుకు రోగం, పారుడు రోగం టీకాల్లో ఇది లేదు. అవి వేయించినంత మాత్రాన పొదుగుకు రక్షణ ఉందనుకోవద్దు.

నన్ను అన్నిటికంటే బాధపెట్టే ప్రశ్న ఒకటుంది: "పొదుగు గట్టిపడింది, టీకా వేస్తే తగ్గుతుందా?" తగ్గదు. ఈ మాట ఎన్నిసార్లైనా చెబుతాను. ఆ క్రిమి పొదుగులోకి చేరాక చుట్టూ జిగురు పొర కట్టుకుంటుంది, లోపల చిన్న చిన్న చీము గడ్డలు కట్టి అందులో దాక్కుంటుంది. రక్తంలో ఎంత రక్షణ తయారైనా అక్కడిదాకా సరిగా చేరదు. ఆ టీకా కూడా ఆరోగ్యంగా ఉన్న గొర్రెలు, మేకల కోసమే, అదీ పొదుగువాపు పదేపదే వచ్చే మందల్లో. అది చేసే పని పైకి కనిపించని పొదుగువాపును తగ్గించడం. రాకుండా పూర్తిగా ఆపదు. పొదుగు నల్లబడి చల్లగా తగిలిందంటే అది టీకా మాటే కాదు, డాక్టరును పిలవాల్సిన గంట. మేకను బతికించుకోవడమే అప్పటి పని.

ఇంకో రకం పొదుగు జబ్బు చూడండి. పాలు పలచబడి ఉప్పగా అవుతాయి, ఉన్నట్టుండి ఎండిపోతాయి. మందలోనే కొన్నిటికి మోకాళ్లు వాస్తాయి, కొన్నిటికి కళ్లు ఎర్రబడి పొర కమ్ముతాయి. ఇది మైకోప్లాస్మా అనే క్రిమి పని. ఇటలీలో 1816లోనే దీన్ని వర్ణించారు. ఈ క్రిమికి గోడ ఉండదు. గోడను దెబ్బకొట్టే పెన్సిలిన్ దీని మీద పనిచేయదు, పైన చెప్పిన స్టాఫిలోకాకస్ టీకా అసలే పనిచేయదు. దీని టీకాలు మధ్యధరా దేశాల్లో వేరే ఉన్నాయి. ఒక క్రిమికి వేసిన టీకా ఇంకో క్రిమిని ఆపదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

టీకా తారీఖుల లెక్క కూడా చాలామంది తప్పారు. దాటించిన (పోతుతో కలిపిన) రోజు నుంచి లెక్కపెట్టండి. చూడి కాలం సుమారు 150 రోజులు. ఆగస్టు 1న దాటిస్తే డిసెంబర్ 29 ప్రాంతంలో ఈనుతుంది. 5 వారాల ముందంటే 115వ రోజు, నవంబర్ 24. రెండోది 136వ రోజు, డిసెంబర్ 15. దాటించిన తారీఖు రాసుకోని మందలో ఈ టీకాకే కాదు, దేనికీ లెక్క కుదరదు. నేను పోతు ఛాతీకి రంగు పూస్తాను, ఏ మేక నడుము మీద రంగు అంటిందో ఆ రోజే పుస్తకంలో ఎక్కిస్తాను.

నూనె కలిపిన టీకా ఏదైనా పొరపాటున మీ వేలికి గుచ్చుకుంటే, చుక్కే కదా అని ఊరుకోవద్దు. సీసా చేత్తో పట్టుకుని వెంటనే మనుషుల డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఆలస్యమైతే వేలు పోయే ప్రమాదముంది.

ఇంటిపని: పాలిచ్చే ప్రతి మేకకూ వరుసగా 14 రోజులు, ఉదయం పాలకు ముందు, కుడి ఎడమ విడివిడిగా పరీక్ష చేసి రాయండి. ఈనిన తారీఖు, ఎదకొచ్చిన రోజు పక్కనే ఉండాలి. కష్టమని తెలుసు. అయినా చేయండి. అనుమానం ఉన్నవాటిని చివర్న పితకండి, తొలిచూలువాటిని మొదట. వచ్చే పాఠంలో ఒట్టిపోయించే పద్ధతి. ఈ లెక్కలు రాసిన పుస్తకం లేకుండా అది అర్థం కాదు.