పాత ఐదు తీగల బాంజోను హైదరాబాదులో పలికించుకునే పద్ధతి

హైదరాబాదులో ఏ వాద్యాల దుకాణానికి వెళ్ళి బాంజో కావాలని అడిగినా, సాధారణంగా బల్లమీదికి వచ్చేది టైపు మిషను మీటల వంటి మీటలతో వాయించే పొడవాటి పెట్టె వాద్యం. బుల్‌బుల్ తరంగ్ అని కూడా పిలిచే ఆ వాద్యం, 1912లో జపానులోని నగోయాలో గోరో మొరితా రూపొందించిన తైషోగోతోకు చెందిన కుటుంబంలోనిది. దానికి అమెరికా బాంజోతో పేరు కలిసింది తప్ప చుట్టరికం లేదు. ఈ వ్యాసం గుండ్రని కొయ్య చట్రానికి డోలులాగా మూత బిగించి, దానిమీద ఉక్కు తీగలు లాగి కట్టిన ఐదు తీగల బాంజో గురించి. అందులోనూ బ్లూగ్రాస్ అనే అమెరికా పల్లె సంగీతం వాయించే వాద్యకారులు ప్రాణంగా చూసుకునే పాత బాంజోల గురించి. అటువంటిది ఒకటి మీ చేతికి వస్తే దాన్ని మన ఊరి ఎండకూ వానకూ తట్టుకునేలా ఎలా సిద్ధం చేసుకోవాలో, ఏ పనులు ఎంతమాత్రం చేయకూడదో నా అనుభవంలోంచి చెబుతాను.

వీణ పరిచయం ఉన్నవారికి ఈ వాద్యం తొందరగా దగ్గరవుతుంది. బ్లూగ్రాస్‌లో ఎక్కువగా వాడే జి శ్రుతిలో, జి స్వరాన్ని షడ్జంగా తీసుకుంటే, నాలుగో తీగ నుంచి మొదటి తీగ వరకు వరుసగా మంద్ర పంచమం, షడ్జం, అంతర గాంధారం, పంచమం పలుకుతాయి. ఐదో తీగ మిగిలినవాటికన్నా పొట్టిది. దాని బిరడ దండి చివర కాక ఐదో మెట్టు దగ్గర పక్కన ఉంటుంది, అది పై షడ్జాన్ని పలుకుతుంది. వీణలో పక్కనుండే తాళపు తీగలను చిటికెన వేలితో మీటినట్టే, ఇక్కడ ఈ పొట్టి తీగను బొటన వేలితో మీటుతారు. సొరకాయ బుర్రకు తోలు కట్టి వాయించే వాద్యాల జ్ఞాపకాన్ని వెంట తీసుకువెళ్ళిన ఆఫ్రికా బానిసల చేతుల్లోనే అమెరికాలో బాంజో పుట్టింది. ఈ పొట్టి తీగ కూడా అక్కడినుంచి వచ్చిన ఆస్తే.

పాత బాంజోలమీద ఇంత మమకారం ఎందుకో తెలియకుండా వాటిని విప్పడం మొదలుపెడితే, ఉంచవలసినదాన్ని పారేసే ప్రమాదం ఉంది. 1945 డిసెంబరులో, ఇరవై ఒకటో ఏట, ఎర్ల్ స్క్రగ్స్ అనే బాంజో వాద్యకారుడు, బ్లూగ్రాస్‌కు ఆద్యుడైన బిల్ మన్రో బృందంలో చేరి, బొటన వేలు, చూపుడు వేలు, మధ్య వేలు మూడింటితో ధారాపాతంగా మీటే పద్ధతిని నాష్‌విల్ రేడియో శ్రోతలకు వినిపించాడు. ఆ తరువాత ఆయన చేతిలో స్థిరపడిన వాద్యం 1930లలో గిబ్సన్ సంస్థ చేసిన గ్రనాడా బాంజో. 1940ల చివర ఆయనా, మరో గొప్ప బాంజో విద్వాంసుడు డాన్ రెనో తమ బాంజోలు ఒకరివి ఒకరు మార్చుకున్నప్పుడు అది ఆయన దగ్గరికి వచ్చింది. ఆ నాదాన్ని వెతుక్కుంటూ తరువాతి తరాల వాద్యకారులు రెండో ప్రపంచ యుద్ధానికి ముందు తయారైన గిబ్సన్ బాంజోల వెంట పడ్డారు. ఆ రోజుల్లో నాట్య బృందాలు వాడే నాలుగు తీగల బాంజోలకే గిరాకీ ఉండేది కాబట్టి అయిదు తీగలవి తక్కువగా తయారయ్యాయి. అందుకే ఈ రోజు బ్లూగ్రాస్ వేదికలమీద కనిపించే యుద్ధపూర్వపు వాద్యాల్లో చాలావాటికి కుండ, అంటే చట్రమూ మూతా ఉన్న గుండ్రని భాగం, పాతది, ఐదు తీగల దండి తరువాత చేయించి అమర్చినది.

నాదానికి మూలం ఆ కుండలోనే ఉంది. మేపిల్ కొయ్య పట్టీలను వంచి అతికించిన చట్రంమీద, సుమారు 3 పౌండ్ల బరువుండే కంచు వలయం కూర్చుంటుంది. దీన్ని టోన్ రింగ్ అంటారు. మూత ఈ వలయంమీదే పరుచుకుంటుంది. ఫ్లాట్‌హెడ్ రకంలో మూత అంచు దాకా సమతలంగా ఉండి, ఎక్కువ మేర కంపించి, కింది స్వరాలను నిండుగా పలికిస్తుంది. ఆర్చ్‌టాప్ రకంలో అంచుకు కాస్త లోపల వలయం పైకి లేచి ఉంటుంది కనుక కంపించే వైశాల్యం తగ్గి, నాదం పదునుగా, గుచ్చినట్టుగా వస్తుంది. స్క్రగ్స్ నాదాన్ని కోరేవారు మొదటిదాన్నే వెతుకుతారు. వ్యక్తిగతంగా నాకు ఆర్చ్‌టాప్‌ను చిన్నచూపు చూడడం నచ్చదు. మరో బ్లూగ్రాస్ బాంజో విద్వాంసుడు రాల్ఫ్ స్టాన్లీ వాయిద్యంలో కొండగాలిలా చురుక్కుమనే ఆ పదును దాని నుంచి వచ్చినదే.

యుద్ధపూర్వపు గిబ్సన్ మనలో దాదాపు ఎవరికీ అందుబాటులో ఉండదు. కానీ హైదరాబాదులో అమెరికాలో బంధువు లేని కుటుంబం అరుదు, అక్కడి పాత సామాను దుకాణాల్లో ఇతర సంస్థల పాత బాంజోలు దొరుకుతూనే ఉంటాయి. కొనిపెట్టమని అన్నయ్యనో వదిననో అడిగేటప్పుడు ముందునుంచి తీసిన ఒక్క ఫొటోతో సరిపెట్టుకోకూడదు. వెనక గిన్నె లాంటి రెజొనేటర్ విప్పి చట్రం లోపలి భాగం, దండి వచ్చి కుండకు ఆనే మడమ దగ్గరి సందు, పక్కనుంచి చూస్తే తీగలకూ మెట్లకూ మధ్య ఉన్న ఎత్తు, ఐదో తీగ బిరడ, ఈ నాలుగూ స్పష్టంగా కనబడే ఫొటోలు అడగాలి. మడమ దగ్గర వెలుతురు కనబడితే దండి వదులైందని అర్థం; అది బాగుచేసుకోదగినదే. చట్రం అతుకులు విడిపోయి ఉన్నా, మూతను బిగించే కొక్కేలను మోసే లోహపు అంచు, అంటే ఫ్లాంజ్, పైకి వంగి ఉన్నా ధర ఎంత తక్కువైనా వద్దనడమే మంచిది. పాత ఫ్లాంజ్‌లలో చాలావి పెళుసైన పోత లోహంతో చేసినవి. వాటిని సరిచేయబోతే విరుగుతాయి. మెట్ల పలక బ్రెజిల్ రోజ్‌వుడ్‌దైతే, 1992 నుంచి ఆ కలపకు అంతర్జాతీయ రవాణా ఆంక్షలు ఉన్నాయి కనుక, తగిన పత్రాలు లేకుండా తెప్పించకూడదు. విమానంలో పంపేముందు తీగలు వదులు చేసి, బ్రిడ్జి తీసి విడిగా చుట్టి, తీగలకింద మెత్తని గుడ్డ పెట్టమని చెప్పాలి.

వాద్యం ఇంటికి చేరాక మొదటి రెండు రోజులు ఏమీ చేయకుండా పెట్టెలోనే గదిలో ఉంచాలి. తరువాత ప్రతి భాగాన్నీ అన్ని వైపులనుంచీ ఫొటో తీసుకున్నాకే పానా పట్టుకోవాలి. ఇక్కడే మొదటి చిక్కు వస్తుంది. పాత అమెరికా బాంజోల కొక్కేల నట్లు అంగుళాల లెక్కలో ఉంటాయి. ఎక్కువగా కనిపించే 9/32 అంగుళం అంటే 7.14 మిల్లీమీటర్లు. మన దగ్గర దొరికే 7 నంబరు పానా దానిలోకి దిగదు, 8 నంబరుది జారి నట్టు మూలలను గుండ్రంగా అరగదీస్తుంది. నేను బాలానగర్‌లో ఒక లేత్ పనివారి దగ్గర ఒక నట్టు చూపించి, దానికి సరిపోయే గొట్టపు పానా చేయించుకున్నాను. ఆ చిన్న పనిముట్టు వాద్యానికి చేసిన మేలు ఇంతా అంతా కాదు. అయితే లేత్ దగ్గర ఆ పనితోనే ఆగిపోవాలి. టోన్ రింగ్ బిగుతుగా ఉందనో వదులుగా ఉందనో చట్రాన్ని తిప్పించి అరగదీయించడం తిరిగి రాని నష్టం.

శుభ్రం చేయడం విషయంలో మన ఇళ్ళలోని అలవాటే శత్రువు. పూజ సామాను తోమినట్టు చింతపండుతోనో, తెల్లని పొడితోనో రుద్దితే, పలుచని నికెల్ పూతా బంగారు పూతా ఆ పూటే పోతాయి. పొడి మెత్తని గుడ్డ, మూలలకు పాత మెత్తని బ్రష్, అంతే. చేతి చెమటకు నల్లబడిన చోటు నల్లగానే ఉండనివ్వాలి. అక్కడ ఎవరో ఏళ్ళ తరబడి చెయ్యి ఆన్చి వాయించారు.

ఇక మూత. ఇప్పటి బాంజోలకు ప్లాస్టిక్ మూత ఉంటుంది, పాతవాటికి దూడ తోలుది. డప్పును మంట దగ్గర కాచి బిగువు తెప్పించే మన కళాకారులకు చెప్పనవసరం లేదు: తోలు తేమకు వదులవుతుంది, పొడి గాలికి బిగుస్తుంది. ఈ సంగతి తెలిసి కూడా నేను ఒక తప్పు చేశాను. సెప్టెంబరు ముసురులో మూత మెత్తబడి బ్రిడ్జి కిందకు కుంగితే, నాదం కోసం కొక్కేలన్నీ అరచుట్టు చొప్పున రెండుసార్లు బిగించి అలాగే మరిచిపోయాను. మార్చి నెలలో ఒక రాత్రి పెట్టెలోంచి పెంకు పగిలినట్టు ఫట్‌మన్న శబ్దం వచ్చింది. తెరిచి చూస్తే ఆ పాత తోలు అంచు వెంబడి జానెడు పొడవున చీలి ఉంది. అప్పటినుంచి పెట్టెలో ఒక చిన్న పుస్తకం ఉంచి, వానకాలంలో ఎంత బిగించానో రాసుకుంటున్నాను. ఒక విడతలో పావుచుట్టుకు మించకూడదు; అక్టోబరు ముగిసే లోపు అంతా వెనక్కి తిప్పాలి. ఎయిర్ కూలర్ గాలి తగిలే చోట తోలు మూత ఉన్న వాద్యాన్ని అసలు పెట్టకూడదు. గదిలో తేమ 40 నుంచి 55 శాతం మధ్య ఉంటే కొయ్యకూ తోలుకూ మంచిది. చిన్న తేమ కొలిచే పరికరం పెట్టెలో ఉంచుకోవచ్చు.

ప్లాస్టిక్ మూతను బిగించే పద్ధతి మృదంగం శ్రుతి చేసినట్టే ఉంటుంది. ఒక కొక్కేన్ని బిగిస్తే వెంటనే దాని ఎదుటిదాన్ని బిగించి, అలా ఎదురెదురుగా పావుచుట్టు చొప్పున తిరగాలి. తీగలను అరచేత్తో ఆపి, అంచుకు రెండు అంగుళాల లోపల వేలితో తడుతూ చుట్టూ వినాలి. ఎక్కడ స్వరం తగ్గితే అక్కడి కొక్కెం మాత్రమే కాస్త బిగించాలి. జి శ్రుతిలో కట్టిన వాద్యానికి మూత స్వరం జి షార్ప్ దగ్గర ఉండేలా చాలామంది వాద్యకారులు చూసుకుంటారు. మూతను కరెక్టుగా షడ్జంమీదే నిలిపితే ఆ స్వరం మీటినప్పుడల్లా మూత కూడా ఊగిపోయి నాదం గుల్లగా వినిపిస్తుంది. తోలు మూతను ఆ స్వరం దాకా లాగే సాహసం చేయవద్దు. బొటన వేలితో నొక్కితే కొద్దిగా లొంగే బిగువు చాలు.

బ్రిడ్జి, అంటే వైణికులు గుర్రం అనేది, బాంజోలో అతికించి ఉండదు. తీగల ఒత్తిడే దాన్ని నిలబెడుతుంది. దండి పై చివర తీగలు ఆనే గాట్ల పట్టీ (దీన్నీ నట్టు అనే అంటారు) నుంచి పన్నెండో మెట్టు దాకా ఎంత దూరమో, అక్కడినుంచి బ్రిడ్జి దాకా అంతే ఉండేలా పెట్టాలి; గిబ్సన్ కొలతలో మొత్తం 26¼ అంగుళాలు. ఆపైన మొదటి తీగను పన్నెండో మెట్టుమీద తేలికగా తాకి మీటి, ఆ తరువాత అదే చోట నొక్కి మీటాలి. నొక్కినప్పటి స్వరం హెచ్చుగా ఉంటే బ్రిడ్జిని వెనక్కి, తగ్గుగా ఉంటే ముందుకు వెంట్రుకవాసి జరపాలి. ఉక్కు తీగల్లో మొదటిదీ ఐదోదీ 0.009 లేదా 0.010 అంగుళాల సన్నని రకం చాలు. ఎస్. ఎస్. స్టువర్ట్ వంటి పందొమ్మిదో శతాబ్దపు బాంజోలు మాత్రం పేగు తీగలకోసం చేసినవి, వాటి దండిలో ఉక్కు కడ్డీ ఉండదు. వాటికి నైలాన్ తీగలే కట్టాలి.

వాద్యం నిలకడకు వచ్చాక బొటన వేలికి ప్లాస్టిక్ తొడుగు, మిగిలిన రెండు వేళ్లకు సితారు మిజ్రాబ్‌ను తలపించే లోహపు తొడుగులు పెట్టుకుని, బొటన, చూపుడు, మధ్య, బొటన, చూపుడు, మధ్య, బొటన, మధ్య అనే వరుసలో ఎనిమిది మీటులు నెమ్మదిగా మొదలుపెట్టండి. నోటితో ‘తకిట తకిట తక’ అనుకుంటూ మీటితే చేతికి వెంటనే పట్టుబడుతుంది. స్క్రగ్స్ తరువాత జె. డి. క్రోను వినండి, తొందర లేకుండా ప్రతి మీటునూ ఆయన ఎలా కూర్చోబెడతాడో గమనించండి. ఆ తరువాత 1937 నాటి గిబ్సన్‌తో వాయించే బేలా ఫ్లెక్‌ను వినండి. మీ వాద్యం ఏ స్వరం దగ్గర మూగబోతోందో అప్పుడు మీకే తెలుస్తుంది. ఆ లోపం సాధారణంగా రెండు మూడు కొక్కేల దగ్గరో బ్రిడ్జి దగ్గరో సరిపోతుంది, కొత్త భాగాలు కొనేదాకా వెళ్ళదు.

ఎప్పుడైనా ఒక భాగాన్ని మార్చక తప్పకపోతే, తీసిన పాతదాన్ని, అది తుప్పుపట్టిన తీగ కొక్కెమైనా సరే, నూలు గుడ్డలో చుట్టి, ఏ చోటినుంచి ఏ తేదీన తీశారో చీటీ రాసి, వాద్యం పెట్టెలోనే తీగల అరలో ఉంచండి. నా పెట్టెలో ఇప్పుడు ఆ చిరిగిన తోలు కూడా చుట్టి ఉంది.