ప్యాచ్ వేశాక కూడా స్కానర్ రన్‌సీ లోపం చూపిస్తుంటే

సమస్య: డాకర్ (ప్రోగ్రామ్‌లను కంటైనర్లు అనే విడివిడి పెట్టెల్లో నడిపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేశారు, సర్వీస్ కూడా రీస్టార్ట్ చేశారు. అయినా సెక్యూరిటీ స్కానర్ సీవీఈ-2024-21626 (కంటైనర్లను మొదలుపెట్టే రన్‌సీ అనే ప్రోగ్రామ్‌లోని భద్రతా లోపం) ఉందనే అంటోంది.

టెన్షన్ పడకుండా ముందు డాకర్ ఇన్ఫో కమాండ్ కొట్టి, రన్‌సీ వెర్షన్ అన్న వరుస చూడండి. దయచేసి దీన్ని దాటేయకండి. ఆ వరుస చూడకుండానే సర్వర్ మొత్తం మళ్లీ ఇన్‌స్టాల్ చేసినవాళ్లను చాలామందిని చూశాను. ఈ లోపానికి మూలం, కంటైనర్‌ను నిజంగా మొదలుపెట్టే రన్‌సీలో ఉంది. 1.0.0-ఆర్‌సీ93 నుంచి 1.1.11 వరకు, హోస్ట్ (కంటైనర్లు నడిచే అసలు మెషిన్) వైపు తెరిచిన ఒక ఫైల్ డిస్క్రిప్టర్‌ను (తెరిచిన ఫైల్‌కు సిస్టమ్ ఇచ్చే గుర్తు) మూయకుండా వదిలేసేది. ఇమేజ్‌లో (కంటైనర్‌కు మూస) వర్క్‌డిర్‌ను, అంటే ప్రాసెస్ మొదలయ్యే ఫోల్డర్‌ను, దానివైపు తిప్పితే లోపలి ప్రాసెస్ హోస్ట్ ఫైళ్ల దాకా వెళ్లగలదు. 2024 జనవరి 31న వచ్చిన 1.1.12లో దీన్ని సరిచేశారు.

మామూలు కారణం: డాకర్ వాళ్ల రిపోజిటరీలో రన్‌సీ ఉండేది డాకర్-సీఈ ప్యాకేజీలో కాదు, కంటైనర్‌డీ.ఐఓ ప్యాకేజీలో (కంటైనర్‌డీ అంటే డాకర్ కింద కంటైనర్లను చూసుకునే సర్వీస్). దాన్ని కనీసం 1.6.28కి తీసుకెళ్లండి. అది హోల్డ్‌లో (అప్‌డేట్ కాకుండా ఆపి) ఉంటే ముందు హోల్డ్ తీయండి.

నన్ను బాగా ఇబ్బంది పెట్టిన కారణం వేరే ఉంది. ప్యాకేజీ కొత్తదే, డాకర్ ఇన్ఫోలో మాత్రం పాత నంబరే. రెండుసార్లు ప్యాకేజీ తీసి మళ్లీ వేశాను, ఏమీ మారలేదు. చివరికి చూస్తే /యూఎస్ఆర్/లోకల్/ఎస్‌బిన్‌లో ఇంకో రన్‌సీ ఉంది. కంటైనర్‌డీని చేత్తో ఇన్‌స్టాల్ చేసే పద్ధతిలో రన్‌సీని పెట్టమనేది అక్కడే. ఎవరో ఎప్పుడో అలా పెట్టి మర్చిపోయారు. పాత్ వరుసలో (ప్రోగ్రామ్‌ల కోసం సిస్టమ్ వెతికే ఫోల్డర్ల క్రమం) ఆ ఫోల్డర్ /యూఎస్ఆర్/బిన్ కంటే ముందుంటుంది కాబట్టి డాకర్ ఆ పాతదాన్నే నడుపుతోంది. ప్యాకేజీ మేనేజర్‌కు ఆ ఫైల్ ఉన్నట్టే తెలియదు, అందుకే ఎన్ని అప్‌డేట్లు చేసినా దాని జోలికి పోదు.

అందుకని రూట్‌గా ఫైండ్‌తో డిస్క్ మొత్తం రన్‌సీ పేరు వెతకండి. దొరికిన ప్రతిదాని వెర్షన్ చూడండి, అది ఏ ప్యాకేజీదో అడగండి. ఏ ప్యాకేజీకీ చెందని పాతదాన్ని పక్కకు జరపండి. అంతకంటే ముందు డాకర్ సెట్టింగుల ఫైల్ డీమన్.జేసన్‌లో, కంటైనర్‌డీ కాన్ఫిగ్‌లో దాని దారి రాసి లేదని చూసుకోండి, ఉంటే మార్చండి. తర్వాత కంటైనర్‌డీ, డాకర్ రెండు సర్వీసులూ రీస్టార్ట్ చేసి మళ్లీ డాకర్ ఇన్ఫో.

కె3ఎస్ (కంటైనర్లను నడిపే మరో సాఫ్ట్‌వేర్), స్నాప్ ప్యాకేజీగా వేసిన డాకర్ తమ రన్‌సీని తామే తెచ్చుకుంటాయి, వాటినే అప్‌డేట్ చేయాలి. కొన్ని లినక్స్ డిస్ట్రోలు పాత నంబర్ మీదే ప్యాచ్ వేస్తాయి, వాటి సెక్యూరిటీ నోటీసు చూస్తే తేలిపోతుంది.

ప్యాచ్‌కు ముందే మొదలై ఇంకా నడుస్తున్న కంటైనర్లను కొత్త రన్‌సీ తిరిగి పరీక్షించదు. నమ్మకం లేని ఇమేజ్‌లవి ఉంటే ఆపి తీసేయండి.