కారో–కాన్: సీ6 బంటు ఏం చెబుతోంది?

పర్లాకిమిడిలో మా అరుగు మీద సాయంత్రం బోర్డు పరిస్తే పిల్లలు తెలుగూ ఒడియా కలిపేసి కొట్లాడుకుంటారు. నల్లపావులు వచ్చినవాడి మొహం మాత్రం ఏ భాషలోనైనా ఒకేలా వేలాడుతుంది. అలాంటివాడికి నేను నేర్పేది కారో–కాన్, అంటే చదరంగంలో నల్లవాడు ఆట మొదలెట్టే ఒక పద్ధతి.

గడి పేరులో అక్షరం నిలువు వరుస, అంకె అడ్డ వరుస. తెల్లవాడు బంటుని ఈ4కి తోస్తే మనం సీ6. డీ4 అంటే డీ5. బట్టీ పట్టొద్దు, సీ6 బంటు ఎందుకుందో చూడండి. డీ5కి అది కాపు. ఫ్రెంచ్ డిఫెన్స్ అనే ఇంకో ఆరంభంలో ఆ కాపు పని ఈ6 బంటుది, కానీ అది తెల్లగళ్ల మీద నడిచే మన బిషప్‌కి దారి మూసేస్తుంది. ఇక్కడ దారి తెరిచే ఉంటుంది. కాబట్టి ముందు బిషప్ ఎఫ్5, ఆ తర్వాతే ఈ6. మా పక్కింటి కుర్రాడు నెలరోజులు తలకిందులుగా ఆడాడు!

తెల్లవాడు ఈ4 బంటుని ఈ5కి తోస్తే మన గురి డీ4 బంటు. బిషప్ బయటపడ్డాక సీ5తో దాన్ని కెలకాలి. సీ బంటుకి రెండు ఎత్తులు ఖర్చయ్యాయి, నిజమే. బిషప్ ఇరుక్కోకుండా ఉన్నందుకు ఆ ఖర్చు నాకు సమ్మతమే.

అలా తోయకుండా తెల్లవాడి గుర్రం సీ3కి వస్తే ఈ4 బంటుని కొట్టి, ఆ గుర్రం తిరిగి కొట్టాక బిషప్ ఎఫ్5. గుర్రం జీ3కి వచ్చి తరిమితే బిషప్ జీ6. ఇక్కడే నేనోసారి టోర్నీలో హెచ్4 చూసీ ఊరుకున్నాను. హెచ్5 పడింది, బిషప్ పోయింది. హెచ్6 ఆడి బిషప్ వెనక్కి పోవడానికి హెచ్7 గడి ఖాళీ చేసుకోవాలి.

డీ5లో బంట్లు ఒకదాన్నొకటి కొట్టుకుంటే ఏనుగుని సీ8కి తెచ్చి, బీ బంటుని బీ4దాకా నెట్టండి.