ఆవ పుప్పొడి కణాల నుంచి పిండాలు రాబట్టిన విధం

హనుమకొండలోని మా ప్రయోగశాలలో ఆవ మొక్కల సూక్ష్మసిద్ధబీజాలు, అంటే ముదరని పుప్పొడి కణాలు, ద్రవ మాధ్యమంలో ఉబ్బి ఆగిపోయేవే తప్ప పిండాలయ్యేవి కావు. పుస్తకాల్లో ఉండే 2–3 మిల్లీమీటర్ల మొగ్గ కొలత చల్లని గదుల్లో పెరిగిన మొక్కలకు సరిపోవచ్చు గానీ, శివరాత్రి దాటగానే ఎండ ముదిరే మన ఓరుగల్లు ప్రాంతపు మొక్కలకు దాన్నొక్కదాన్నే నమ్మలేమని నా అభిప్రాయం. అందుకే ప్రతి విడతలోనూ కొన్ని పరాగకోశాలను చిదిమి, కేంద్రకంలోని డీఎన్‌ఏకు అంటుకుని మెరిసే డాపీ రంజకం వేసి, ప్రతిదీప్తి సూక్ష్మదర్శినిలో కేంద్రకాన్ని పరిశీలించి, ఏకకేంద్రక దశ చివర లేదా ద్వికేంద్రక దశ మొదట్లో ఉన్న మొగ్గలనే ఎంచుకున్నాను. 13 శాతం సుక్రోజ్ గల ఎన్‌ఎల్‌ఎన్ అనే ద్రవ పోషక మాధ్యమంలో ఆ కణాలను చీకటిలో 32 డిగ్రీల సెల్సియస్ వద్ద కొన్ని రోజులు ఉంచి, ఆపై 25 డిగ్రీలకు మార్చాక పిండాలు కనిపించాయి. మొక్కను చెరిచిన వేడే కణానికి మేలు చేయడం విచిత్రమే. ఈ పిండాల నుంచి పెరిగే ఏకస్థితిక మొక్కలు, అంటే మామూలు మొక్కలకున్న క్రోమోజోముల్లో సగమే ఉన్నవి, గింజ కట్టవు కనుక, వాటి వేళ్లను కాల్చిసిన్ ద్రావణంలో ముంచి క్రోమోజోములను రెట్టింపు చేశాము.