పాథాలజీ క్లెయిముల్లో డయాగ్నసిస్ కోడు తప్పుతోందా? ముందు రిపోర్టు తెరవండి

కర్నూలులో కూర్చుని అమెరికా ల్యాబులు ఇన్సూరెన్సుకు పంపే బిల్లులు, అంటే క్లెయిములు, కోడ్ చేసే మా పిల్లలు వారానికోసారైనా ఇదే పట్టుకొస్తారు: "అన్నా, 88305 లైను డినై అయింది, సీవో-11 అంటున్నారు." 88305 అంటే ముక్క పరీక్ష (బయాప్సీ) చార్జీ; సీవో-11 అంటే ఆ పరీక్షకు జబ్బు కోడు పొసగలేదని ఇన్సూరెన్సువాళ్లు డబ్బు ఆపడం. కోడు యాడ్నుంచి తీసుకున్నావప్పా అంటే, రిక్విజిషన్ (పరీక్ష చేయమని డాక్టరు పంపే చీటీ) నుంచి అంటారు. ఫైనల్ రిపోర్టు ఆ ఫోల్డర్‌లోనే ఉంటుంది. తెరవరు.

కోడింగు వేళకి రిపోర్టు వచ్చి ఉంటే, పాథాలజిస్టు ఖాయం చేసిన జబ్బుకే కోడు. ఏమీ దొరకలేదంటేనే డాక్టరు రాసిపంపిన లక్షణానికి వెళ్లాలి. 'సస్పెక్టెడ్', 'కన్సిస్టెంట్ విత్' అని ఉంటే ఔట్‌పేషెంట్‌లో ఆ జబ్బు కోడు వేయకూడదు.

ఒకే పేషెంటువి రెండు జాడీలొస్తే అన్నింటికీ ఒకే కోడు తగిలించడం ఇంకో అలవాటు. పెద్దపేగు సిగ్మాయిడ్ భాగంలో అడినోమా అనే గడ్డకి డి12.5, హైపర్‌ప్లాస్టిక్ పాలిప్‌కి కె63.5. క్లెయిమ్ ఫారంలో 24ఇ గడిలో ఏ లైనుకు దాని పాయింటరు (ఆ లైను ఏ జబ్బు కోడుదో చూపే అక్షరం) వేయాలి.

నన్ను ముంచింది మాత్రం డి48.5, చర్మపు గడ్డలకు వేసే కోడొకటి. దీనికి డినయలే రాదు, అదే దీంతో చిక్కు. చర్మం మీద గడ్డ ఏమిటో ఇంకా తేలలేదు కదా అని క్లినిక్‌వాళ్లు రిక్విజిషన్‌లో 'అన్‌సర్టెన్ బిహేవియర్' రాసేస్తారు. చదివితే సబబుగానే ఉంటుంది. కానీ 'అన్‌సర్టెన్' అంటే మనకింకా తెలియదని కాదు. స్లైడు చూశాక కూడా ఇది మంచిదో చెడ్డదో తేల్చలేనని పాథాలజిస్టు చెప్పే మాట అది. పరీక్ష కాకముందు చర్మపు గడ్డకు వాడేది 'అన్‌స్పెసిఫైడ్', డి49.2. నేను ఒక బ్యాచ్ మొత్తానికి రిక్విజిషన్ చూసి డి48.5 కొట్టుకుంటూ పోయాను. డబ్బులూ పడ్డాయి. నెలల తర్వాత ఆడిట్‌లో రిపోర్టులు తెరిస్తే చాలావరకు సెబోరిక్ కెరటోసిస్ (ప్రమాదం లేని చర్మపు పెరుగుదల), అంటే ఎల్82.1. కొన్ని బేసల్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సర్, సి44 కిందికి పోవాల్సినవి. ఆ రాత్రుళ్లు తాగిన టీలకు లెక్కలేదు.

నెలకోసారి డి37 నుంచి డి48 దాకా 'అన్‌సర్టెన్' కోడున్న క్లెయిములన్నీ ఫిల్టర్ చేయండి. పాథాలజిస్టు మాటల్లో ఆ అర్థం లేకపోతే కోడు మార్చి కరెక్టెడ్ క్లెయిమ్ పంపండి, మెడికేర్ (అమెరికా ప్రభుత్వ ఇన్సూరెన్సు) అయితే రీఓపెనింగ్, అంటే తేలిపోయిన క్లెయిమును మళ్లీ తెరవమని అడగడం. మాట మసకగా ఉంటే పాథాలజిస్టునే అడగాలి, మనం ఊహించకూడదు. రిపోర్టు రాలేదా, క్లెయిమ్ ఆపండి.

ఏటా అక్టోబరు 1న మారే కోడు పాతదే వేయడం, కుడిఎడమలు తారుమారవడం అరుదు. క్లెయిమ్ పోయేముందు తప్పులు వెతికే సాఫ్ట్‌వేరు, స్క్రబ్బరే, చాలావరకు పట్టుకుంటుంది.